రాని ఉద్యోగానికి కృతజ్ఞత

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కృతజ్ఞత కూడిక జరిగింది. దేనికి కృతజ్ఞత చెబుతున్నామో ఆ సాయంత్రం వచ్చినవాళ్లలో ఎవరికీ సరిగా తెలియదు. కూడిక పెట్టిన మా నాయనమ్మకు తెలుసునని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. ఆమెకు కూడా ఆ పూట సగమే తెలిసి ఉంటుంది.

మా నాన్న పోయి నెల దాటింది. సమాధి దగ్గర ఆయన గురించి నన్ను ఏదైనా చెప్పమన్నారు. ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆ కూడిక సంగతి చెప్పాలి. అది అక్కడ నిలబడి రెండు మాటల్లో ముగించేది కాదు. ఏమీ చెప్పలేనని తల అడ్డంగా ఊపి ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

విశాఖపట్నంలో పోర్టును ఆనుకుని ఉన్న పాత పేటలో మా ఇల్లు. రెండు గదులు, ముందు వసారా, వసారా ముందు సిమెంటు అరుగు. అరుగు పక్కన చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ కలిపి ఒక కొళాయి. ఓడల్లోకి ఇనప ఖనిజం ఎత్తే రోజుల్లో ఎర్రటి దుమ్ము గాలితో పాటు మా పేట మీదకు వచ్చేది. ఆరేసిన బట్టలు, బిందెల మీద మూతలు, గూట్లో పెట్టిన మా పుస్తకాలు, అన్నీ ఒకే రంగులోకి తిరిగేవి. మేము పిల్లలం దాన్ని పట్టించుకునేవాళ్లం కాదు. మా అమ్మకు మాత్రం ఆయాసం. దుమ్ము లేచినప్పుడు ఆమె పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ దుమ్ము అందని చోట, కొండకు అవతల, పోర్టువాళ్ల క్వార్టర్లు ఉండేవి. అక్కడికి వెళితే అమ్మకు ఊపిరి ఆడుతుందని డాక్టరు చెప్పాడు. క్వార్టరు రావాలంటే నాన్న ఉద్యోగం పర్మనెంటు కావాలి.

నాన్న పోర్టులో బదిలీ కలాసీ. పర్మనెంటు వాళ్లలో ఎవరైనా పనికి రాకపోతే ఆ చోట ఆ పూటకు బదిలీవాళ్లను తీసుకునేవారు. తెల్లవారకముందే వెళ్లి గేటు దగ్గర నిలబడాలి. మేస్త్రీ పేరు పిలిస్తే ఆ రోజుకు పని ఉన్నట్టు. పిలవకపోతే ఇంటికి తిరిగి రావడమే. పొద్దెక్కాక నాన్న మళ్లీ సందు మలుపులో కనబడితే అమ్మ పొయ్యి మీద ఉడుకుతున్న గంజిలో ఇంకొన్ని నీళ్లు పోసేది.

గేటు దగ్గర నాన్న పక్కన నిలబడే ఒకాయన ఉండేవాడు. జాలరిపేట మనిషి. వాళ్ల అన్నదమ్ములంతా సముద్రం మీద వేటకు వెళ్లేవారు, ఈయన ఒక్కడు పోర్టు పనికి వచ్చాడు. నాన్నా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. చుట్టరికం ఏమీ లేదు. వాళ్లు గంగమ్మకు మొక్కేవాళ్లు, మేము క్రైస్తవులం. పని దొరికిన రోజున మధ్యాహ్నం ఒకరి కేరేజీ ఇంకొకరు తినేవారట. దొరకని రోజున ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని ఒకే చుట్ట మార్చి మార్చి కాల్చేవారు. నేను ఆయన్ని మావయ్యా అనేదాన్ని.

నాయనమ్మను మేమంతా మామ్మ అని పిలిచేవాళ్లం. పూర్ణా మార్కెట్ బయట గోనెపట్టా పరుచుకుని ఆకుకూరలు అమ్మేది. తెల్లవారుజామున ఆమె చేసే ప్రార్థన చుట్టుపక్కల ఇళ్లకు కూడా వినబడేది. మార్కెట్లో గిరాకీతో మాట్లాడిన గొంతుతోనే దేవుడితోనూ మాట్లాడేది. ఏళ్ల తరబడి అడిగింది ఒకటే సంగతి. "నా కొడుకు గేటు కాడ నిలబడ్డం మానిపించు తండ్రీ. నా కోడలికి ఊపిరియ్యి." ఆ తర్వాత మా చర్చి సంఘంలో జబ్బుపడ్డవాళ్లు, మార్కెట్లో పక్క గోనె ఆవిడ కాలినొప్పి, ఆఖరున మా చదువులు వచ్చేవి.

ఒక బుధవారం మా సంఘ పెద్ద సైకిలు మీద ఆయాసపడుతూ వచ్చాడు. ఆయన పోర్టు ఆఫీసులో అటెండరు. నాన్న పనిచేసే గ్యాంగులో ఒక చోటు ఖాళీ అయిందని, దాన్ని బదిలీవాళ్లలో ఒకరికి ఇస్తున్నారని చెప్పాడు. "ఇంకెవరున్నారు, మీ ఓడే. నాలుగు రోజుల్లో పిలుపొచ్చేత్తాది" అన్నాడు. ఆయన మంచి మనసుతోనే చెప్పాడు. తెలిసిన దానికి తెలియనిది కొంచెం కలిపాడు.

మా వాళ్లలో మేలు జరిగితే కూడిక పెట్టడం ఆనవాయితీ. జబ్బు తగ్గినా, బిడ్డ పుట్టినా, ఉద్యోగం వచ్చినా సంఘాన్ని ఇంటికి పిలుస్తారు. పాటలు పాడతారు, పాస్టరు గారు బైబిలు వాక్యం చెబుతారు, మేలు పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. తర్వాత భోజనాలు. ఏదైనా మేలు జరిగాక పెట్టేది అది. మామ్మ మాత్రం ఆ సాయంత్రమే నా చెయ్యి పట్టుకుని అయ్యగారింటికి వెళ్లి, శనివారం మా ఇంట్లో కూడిక అని చెప్పేసింది.

మా పాస్టరు గారిని అందరూ అయ్యగారనే అనేవారు. నెమ్మదైన మనిషి. "కాగితం చేతికి రానివ్వమ్మా, పై వారం పెట్టుకుందాం" అన్నారు.

మామ్మ ఒప్పుకోలేదు. "కాగితం సూసినాక నమ్మితే అది నమ్మకమేటి అయ్యగారూ? కళ్లు బాగా కనబడతన్నాయని అర్థం. అంతే గదా" అంది.

అయ్యగారు నవ్వి ఊరుకున్నారు. ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండవలసిందని ఆయన తర్వాత అనుకున్నారేమో తెలియదు. మామ్మకు గట్టిగా చెప్పగలిగినవాళ్లను నేను చూడలేదు.

శనివారం పొద్దున్నే క్రిస్మస్ కోసం పెంచుతున్న కోడిపుంజును కోశారు. అది చాలదని సంఘ పెద్ద ఇంటి నుంచి ఇంకో రెండు వచ్చాయి. చర్చి నుంచి జంపకానాలు తెచ్చి వసారాలో చుట్టి పెట్టారు. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని గేటుకు వెళ్లాడు. దువ్వుకున్న తలతో ఆయన గేటుకు వెళ్లడం అదే మొదటిసారి.

అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ ఉండగానే తిరిగి వచ్చాడు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మామ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టి, "నాది కాదంట. బావదంట" అన్నాడు.

కాసేపటికి ఆయనే ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆ గ్యాంగులో మావయ్య పేరు నాన్న పేరు కంటే ముందు ఎక్కింది. ముందు చేరినవాడిని ముందు తీసుకున్నారు. అన్యాయం జరిగిందని అనుకోవడానికి వీల్లేదు. అన్యాయమే అయితే మా ఇంట్లో కొంత తేలికగా ఉండేదేమో. ఎవరినో ఒకరిని తిట్టుకునేవాళ్లం.

"అన్నయ్య ఏటన్నాడు?" అని అమ్మ అడిగింది. మావయ్యను ఆమె అలాగే పిలిచేది.

"ఏటంతాడు? నన్ను సూసి తల దించుకుని ఆఫీసు కేసి ఎల్లిపోనాడు."

నాన్న గొంతులో కోపం అంతగా లేదు. కానీ ఆ మాట అన్నాక ఆయన వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంటికి వీపు పెట్టి ఆయన అలా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఉద్యోగం రాని సంగతి నాకు అంతగా అర్థం కాలేదు. ఆ వీపు మాత్రం అర్థమైంది.

అమ్మ వంటగదిలో నెమ్మదిగా అంది. "అత్తా, అయ్యగారికి కబురంపీద్దాం. నలుగుర్లో నవ్వులపాలవుతాం."

కబురు పంపే అవసరం లేకుండానే అది కొళాయి దాకా వెళ్లిపోయింది. బిందె పెట్టుకుని నిలబడ్డ పక్కింటావిడ గొంతు ఎత్తి అడిగింది. "ఏటి మామ్మా, కోడిని కోసీసినావంట? మరి ఉజ్జోగం రాలేదంట గదా?"

"కోడి నా కొడుకు ఉజ్జోగం సూసి పుట్టిందేటే?" అని మామ్మ లోపలి నుంచే అంది.

అని, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఎప్పుడూ వీధి దాకా వినబడే ఆమె ప్రార్థన ఆ రోజు తలుపు దాటి రాలేదు. లోపల ఎవరూ లేనట్టుగా ఉంది. చాలాసేపటికి బయటకు వచ్చి, ముఖం కడుక్కుని, మసాలా నూరడానికి సన్నికల్లు ముందు కూర్చుంది. అమ్మ ఇంకేమీ అడగలేదు.

మధ్యాహ్నం పాతబజారులో వంటపాత్రలు అద్దెకిచ్చే భాయి డేక్సాలు తోపుడుబండి మీద తెచ్చాడు. పెళ్లిళ్లకు, కూడికలకు, ఉరుసులకు ఆ చుట్టుపక్కల అందరూ ఆయన గిన్నెల్లోనే వండేవారు. ఆయనకు కూడా సంగతి తెలిసిపోయింది. బండి దింపకుండా నిలబడ్డాడు.

"మామ్మా, పర్వా నై. ఎనక్కి పట్టుకెల్లిపోతాను. కిరాయి గిరాయి ఏం వద్దు."

"ఎందుకురా? మనుసులకి ఆకలెయ్యడం మానేసిందా? దింపు" అంది మామ్మ. "పెద్దది పొయ్యి కాడ ఎట్టు. సాయంకాలం నువ్వూ రా. మేము కోసిన కోడి నువ్వు తినవు గదా, నీకు వేరేగా పప్పు ఎడతాను."

భాయి నాన్న వీపు వైపు ఒకసారి చూసి, చప్పుడు కాకుండా డేక్సాలు దింపి వెళ్లాడు.

మసాలా పని అమ్మకు అప్పగించి మామ్మ నన్ను పిలిచింది. "నడవే గుంటా" అని జాలరిపేట వైపు దారి తీసింది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. ఎండ ఇంకా తగ్గలేదు. ఒడ్డున ఎండుచేపలు పరిచి ఉన్నాయి. వాటి మధ్య నుంచి మావయ్య ఇంటికి వెళ్లాం.

ఉద్యోగం వచ్చిన ఇల్లులా లేదు అది. మావయ్య భార్య పొయ్యి దగ్గర ఉంది. వాళ్ల అమ్మ, ముసలావిడ, గుమ్మం పక్కన చేపలు వేరు చేస్తోంది. మావయ్య లోపల చీకట్లో గోడకు చేరబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

మామ్మ గుమ్మంలోనే ఉండి అడిగింది. "ఏరా, కొలువు ఒచ్చిందంట. మా ఇంటికొచ్చి సెప్పలేదేటి?"

"ఏ మొగం ఎట్టుకుని రమ్మంతావు మామ్మా?"

"ఉన్న మొగమే ఎట్టుకుని రా. ఇంకోటి యాడ తెత్తావు?"

ముసలావిడ చేపల మీద నుంచి తల ఎత్తకుండానే కిసుక్కున నవ్వింది. మావయ్య నవ్వలేదు.

"సాయంకాలం మా ఇంట్లో కూడిక" అంది మామ్మ. "నీ ఉజ్జోగానికే. నీ ఆడదాన్నీ మీ అమ్మనీ తీసుకుని రా."

"నా ఉజ్జోగానికి మీ దేవుడి కాడ కూడికేటి? నాను మీ ఓడిని కాను గదా."

"అడిగినదాన్ని నాను. ఇచ్చినోడు ఆయన. పుచ్చుకున్నోడివి నువ్వు. నీకెందుకురా మధ్యలో లెక్కలు?"

ముసలావిడ చేతులు దులుపుకుంటూ అంది. "ఎల్లరా. పిలిసిన ఇంటికి ఎల్లకపోతే గంగమ్మ మెచ్చుద్దేటి?"

తిరిగి వస్తూ మామ్మ ఒడ్డున ఆరబెట్టిన ఒక పడవ నీడలో కూర్చుంది. కాళ్లు లాగుతున్నాయంది. ఆమె అలా దారిలో కూర్చునే మనిషి కాదు. ఎదురుగా అవుటర్ హార్బరు కడుతున్నారు. లారీలు వచ్చి సముద్రంలో రాళ్లు పోసి వెళ్లిపోతున్నాయి. ఎన్ని పోసినా నీళ్లు వాటి మీదుగా కలిసిపోతున్నాయి. కాసేపు ఇద్దరం అది చూశాం.

"మామ్మా, దేవుడు నాన్నకి ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగాను.

"తెల్దు" అంది.

దేవుడి గురించి తెలియదన్న మాట ఆమె నోట నేను అప్పుడే మొదటిసారి విన్నాను. ఇంకేమైనా చెబుతుందని చూశాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి లేచింది.

సాయంత్రానికి వసారాలో జంపకానాలు పరిచారు. పెట్రోమాక్సు లైటు వెలిగించారు. సంఘం వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. సంగతి తెలియనివాళ్లు అరుగు మీద ఉన్న నాన్న చెయ్యి పట్టుకుని ఊపి, "మంచిది, మంచిది, దేవుడు గొప్పవాడు" అన్నారు. తెలిసినవాళ్లు ఎటు చూడాలో తెలియక లైటు వైపు చూస్తూ లోపలికి వెళ్లారు. సంఘ పెద్ద అందరికంటే వెనక వచ్చి ఒక మూల కూర్చున్నాడు. నాన్న ఎవరికీ ఏమీ చెప్పలేదు. లేవలేదు. వీధి వైపే చూస్తూ ఉన్నాడు. ఆయన లోపలికి వస్తాడా రాడా అన్నది ఒక్కటే ఆ సాయంత్రం నాకు పట్టిన ఆలోచన. అమ్మ కూడా వంట మధ్యలో రెండు మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్లింది. మామ్మ ఒక్కసారి కూడా పిలవలేదు.

మొదటి పాట మొదలయ్యాక మావయ్య వచ్చాడు. భార్యా తల్లీ లోపలికి వెళ్లారు. ఆయన మాత్రం అరుగు దగ్గర ఆగిపోయాడు. నేను గుమ్మంలో ఉన్నాను కాబట్టి విన్నాను.

"బావా" అన్నాడు.

నాన్న తల తిప్పకుండానే, "లోనకెల్లు. నీకోసరమే ఒండింది మా యమ్మ" అన్నాడు.

"నువ్వెల్తే ఎల్తాను."

మావయ్య ఆయనకు కొంచెం ఎడంగా అరుగు మీద కూర్చున్నాడు. లోపల అందరూ పాడుతుంటే వాళ్లిద్దరూ బయట వీధి వైపు చూస్తూ ఉండిపోయారు.

అయ్యగారు వాక్యం క్లుప్తంగా ముగించి, సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అన్నారు. మామ్మ లేచింది. తెల్లచీర కట్టుకుంది. అందరూ ఆమె వైపే చూశారు. ఆమె ఏం చెప్పి గట్టెక్కుతుందా అని చూస్తున్నట్టు నాకు అనిపించింది. అప్పుడు ఆమె చెప్పినవి దాదాపు ఆమె మాటల్లోనే గుర్తున్నాయి.

"బుధవారం నాడు నాను తొందరపడ్డాను. అయ్యగారు ఆగమన్నా ఇన్నేదు. నా కొడుక్కి ఒస్తాదని కోడిని కోసీసినాను. దేవుడు ఇచ్చినాడు, గాని ఏరే ఇంటి గుమ్మంలో ఎట్టినాడు."

కొందరు నవ్వారు. నవ్వచ్చో లేదో తెలియక ఆపేశారు.

"ఆ ఇల్లు నాకు పరాయిది కాదు. ఆడి కేరేజీ నా కొడుకు తిన్నాడు. ఆడికొచ్చినా నాకు సంతోసమేనని పొద్దున్న అనలేకపోనాను. గదిలో తలుపేసుకుని ఆయన్తో దెబ్బలాడినాను. ఇప్పుడు అంతన్నాను. ఇప్పుడు కూడా కొంచెం కష్టంగానే అంతన్నాను. రేపు కాకపోతే ఎల్లుండి నా కొడుకు మళ్లీ గేటు కాడికి ఎల్తాడు. పిలిస్తే పని, పిలవకపోతే ఇల్లు. ఎలా ఒచ్చినా ఆయన నాకు దేవుడే. నాకు ఇంతకన్నా తెల్దు. కూకుంతాను."

కూర్చుంది. ఎవరూ ఆమెన్ అనలేదు. తర్వాత అయ్యగారు కళ్లు మూసుకుని, మావయ్య పేరూ నాన్న పేరూ రెండూ చెప్పి చిన్న ప్రార్థన చేశారు.

భోజనాలకు ముందు వచ్చినవాళ్ల చేతులకు నీళ్లు పొయ్యడం ఇంటి మగవాడి పని. ఆ రోజుల్లో ఎవరింట్లోనైనా అంతే. అతిథి తనంతట తాను కొళాయి దగ్గరకు వెళ్లి చెయ్యి కడుక్కుంటే ఆ ఇంటికి చిన్నతనం. మామ్మ నీళ్ల బకెట్టు, చెంబు తెచ్చి అరుగు మీద నాన్న పక్కన పెట్టింది. పెట్టి విస్తళ్లు వెయ్యడానికి వెళ్లిపోయింది.

నాన్న కొంతసేపు ఆ చెంబు వైపు చూశాడు. అప్పటికే అయ్యగారు అరుగు అంచున వంగి చేతులు చాచారు. నాన్న లేచాడు. అయ్యగారికి పోశాడు. సంఘ పెద్దకు పోశాడు. ఆయన ఏదో చెప్పబోతే, "కానియ్యండి బాబాయ్, అన్నం సల్లారిపోతాది" అన్నాడు. ఒక్కొక్కరే వచ్చి కడుక్కుని లోపలికి వెళ్లారు. మావయ్య చివరిదాకా కూర్చునే ఉన్నాడు. నాన్న చెంబు నింపుకుని ఆయన ముందు నిలబడ్డాడు. మావయ్య లేచి చేతులు చాచాడు.

ఆ రెండు చేతులూ మా నాన్న చేతుల్లాగే ఉండేవి. ఇనప తాళ్లు లాగి లాగి గీతల్లోకి గ్రీజు దిగిపోయినవి. నాన్న పోస్తూనే ఉన్నాడు. మావయ్య చేతులు రుద్దుకుని, "బావా, సాలు" అన్నాడు.

"ఉండు. గ్రీజు పోలేదు."

చెంబు అయిపోయింది. మళ్లీ ముంచి పోశాడు. ఆ గ్రీజు నీళ్లతో పోయేది కాదని ఇద్దరికీ తెలుసు. మావయ్య తల దించుకుని చేతులు అలాగే చాచి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను. నాన్న కూడా చూసే ఉంటాడు.

"ఇకనుంచి ఆళ్లే సబ్బు ఇత్తారంట గదా నీకు" అన్నాడు నాన్న. పర్మనెంటు వాళ్లకు నెలనెలా పోర్టు సబ్బులు ఇచ్చేది. "నాకో ముక్క పట్రా."

మావయ్య ఏడుస్తూనే నవ్వాడు. "సగం నీదే బావా" అన్నాడు. నాన్న భుజం మీది తుండు తీసి ఆయనకు ఇచ్చాడు. ఇద్దరూ లోపలికి వచ్చి జంపకానా మీద పక్కపక్కన కూర్చున్నారు. మామ్మ వడ్డిస్తూ వాళ్ల దగ్గరకు వచ్చినప్పుడు ఇద్దరిలో ఎవరి ముఖమూ చూడలేదు. ఎవరికి ఏ ముక్క వెయ్యాలన్నదే పెద్ద సంగతి అన్నట్టు డేక్సాలో గరిటె తిప్పుతూ ఉంది.

అందరూ వెళ్లాక మామ్మ పొయ్యి దగ్గర కూర్చుని తింది. మిగిలినవి మెడముక్కలు, పులుసు. నేను పక్కన చేరి, "నీకు ఏడుపు రాలేదా?" అని అడిగాను.

"ఎందుకు రాదు? ఏడిసినాను. ఆయన కాడ ఏడిసినాను, ఈళ్ల కాడ ఒండినాను." ఎముక పక్కన పెట్టి మళ్లీ అంది. "ఇచ్చినప్పుడే దండం ఎడితే అది బేరమేనే గుంటా. అది నాను పొద్దస్తమానం మార్కెట్లో సేసేదే."

ఆ తర్వాత అద్భుతం ఏమీ జరగలేదు. నాన్న మళ్లీ గేటుకు వెళ్లాడు. పిలిచిన రోజు పని చేశాడు, పిలవని రోజు తిరిగి వచ్చాడు. ఎర్ర దుమ్ము వస్తూనే ఉంది. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంటూనే ఉంది. మారింది కొంచెమే. పని దొరకక తిరిగి వచ్చిన రోజున నాన్న ఇంటికి వీపు పెట్టి కూర్చోలేదు. లోపలికి వచ్చి అమ్మ దగ్గర నుంచి గంజి అందుకుని, మాకు పోసి, తానూ పోసుకునేవాడు. నెలకోసారి మావయ్య వచ్చేవాడు. ఎర్ర సబ్బును దారంతో సరిగ్గా సగానికి కోసి, ఒక ముక్కను కాగితంలో చుట్టి తెచ్చేవాడు. మా ఇంట్లో అందరి ఒంటికీ చాలాకాలం ఆ ఆసుపత్రి వాసన ఉండేది.

మామ్మ పోయిన తర్వాత, నేను పదో తరగతి చదివే ఏడు, నాన్నకు పర్మనెంటు అయింది. క్వార్టరు కూడా వచ్చింది. అమ్మకు ఆయాసం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. సామాన్లు సర్దుతూ అమ్మ, కూడిక పెట్టుకోవాలి కదా అంది.

"ఆ కూడిక మా యమ్మ ఎప్పుడో ఎట్టీసింది" అన్నాడు నాన్న. ఆయన పెట్టలేదు. ఆ ఆదివారం చర్చిలో అందరితో పాటు పాడి ఇంటికి వచ్చాడు.

తృప్తి గురించి పెద్దవాళ్లు రాసినవి తర్వాత కొన్ని చదివాను. కోరికలు తగ్గించుకోవాలని ఎక్కువమంది రాశారు. మా మామ్మ కోరిక తగ్గించుకోలేదు. నాన్న గేటు దగ్గర నిలబడడం మానాలని ఆమె చివరిదాకా అడుగుతూనే ఉంది, అదే పెద్ద గొంతుతో. అడిగినది రాని రోజున కూడా ఎవరిని అడిగిందో ఆయన దగ్గరే ఉండిపోయింది. నాన్న దాన్ని చూసి నేర్చుకున్నాడు. ఆయన ఎక్కువ నవ్వే మనిషి కాదు. కానీ ఏదో ఒకటి వచ్చాక బతుకుదాం అన్నట్టు ఆయన ఉండగా నేను చూడలేదు. ఆఖరి రోజుల్లో మంచం మీద కూడా, వచ్చినవాళ్లను ముందు తిన్నారా అనే అడిగాడు.

ఆయన పోయాక ఆదరణ కూడిక మేడమీది హాల్లో పెట్టాం. చేతులు కడుక్కోవడానికి వరుసగా కొళాయిలు ఉన్నాయి. మావయ్య మనవడి భుజం పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. చూపు బాగా తగ్గింది. భోజనాల వేళకు నేను ఒక చెంబుతో నీళ్లు తీసుకుని ఆయన దగ్గరకు వెళ్లాను. ఎందుకు తీసుకెళ్లానో నాకు అప్పుడు సరిగా తెలియదు. ఆయన ఏమీ అడగకుండా చేతులు చాచాడు. పోస్తూ ఉన్నాను. కొంచెం ఎక్కువసేపే పోసి ఉంటాను.

"సాలమ్మా" అన్నాడు. నేను ఆపలేదు. ఆయన తల ఎత్తి నా ముఖం ఉన్న వైపు చూశాడు. "గ్రీజు ఎప్పుడో పోనాదమ్మా" అన్నాడు.

నాన్న పోయిన తర్వాత నేను ఏడ్చింది అప్పుడే. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ఆయన్ని కూర్చోబెట్టి వడ్డించాను. దేవుణ్ణి నాన్న కోసం ఇంకొంతకాలం అడిగాను, ఇవ్వలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే మామ్మ చెప్పిన జవాబే నా దగ్గర ఉంది. తెలియదు. అయినా పొద్దున్నే లేచి ఆయనతోనే మాట్లాడుతున్నాను. ఈ మధ్య నా గొంతు కూడా పక్కింటికి వినబడుతోందట.